చేత్తో చింపిన మూల

అమీర్‌పేట,
1939 మార్చి 4

చెల్లె భూలక్ష్మికి,

నీ అక్క కాంతవ్వ రాసుకునేది. సోలాపూర్‌లో నువ్వూ, మరిది ఇస్తారీ, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ మేమూ బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ముందు నీ ఉత్తరం సంగతి చెప్తాను, లేకపోతే మరిచిపోతాను. పోయిన నెల నువ్వు రాసింది ఉత్తరాలు పంచే టప్పా బాబూ మియా తెచ్చిస్తే, చూసి కేక పెట్టి వాకిట్లోకి విసిరేశాను. కాగితానికి పై మూల లేదు. మనలో చావు కబురు మోసే ఉత్తరానికే కదా మూల చింపుతారు, గడప దాటనివ్వరు! నువ్వు పోయావో మరిది పోయాడో అని నేను నెత్తి కొట్టుకుంటుంటే పక్కింటి చాంద్ బీ ఉరికి వచ్చింది. బాబూ మియా సైకిల్ దిగి నవ్వుతున్నాడు.

"కాంతవ్వా, జర ఆగు. ఎవ్వరు చావలే. సోలాపూర్ దిక్కు నుంచి వచ్చే లిఫాఫలన్నిటి మూల కత్తెరతోని కోసి చదువుతున్నరు సర్కారు కచేరీల. లోపలి కాగితం సుత తెగుతున్నది. ఏ ఇంటికి పోయినా నన్ను చూసి ఏడ్పులే."

"మంచిగున్నది భాయ్," అంది చాంద్ బీ. "సర్కారు ఖర్చుతోని అందరిని ఒకపారి ఏడిపిస్తుండ్రు."

ముగ్గురం నవ్వాం. ఇక నుంచి మూల లేదని నేను బెదరను. నా ఉత్తరానికి మూల లేకపోతే నువ్వూ బెదరకు.

ఇప్పుడు అసలు సంగతి. మన పర్శరాములును పట్టుకుపోయారు. వాడు పట్నంలో రాజనర్సయ్య గారి వారపత్రికలో సీసపు అక్షరాలు కూర్చే పని చేస్తాడని నీకు తెలుసు. పత్రిక వేసే ముందు కచేరీలో చూపించాలట. ఒక ఊరి దొర వెట్టికి రానన్న ముసలాయనను కట్టేసి కొట్టించిన వార్తను కచేరీ వాళ్ళు కొట్టేశారట. కొట్టేసిన జాగాలో ఇంకేదైనా పెట్టి నింపాలట, తెల్లగా వదలకూడదట. మనవాడు తెల్లగా వదిలాడు. ఊళ్ళో వాళ్ళంతా ఆ తెల్ల జాగాను చూసి, ఇక్కడ ఏముండెనని అడగడం మొదలుపెట్టారట. పీర్ల పండుగ ముందు రోజు జవాన్లు వచ్చి తీసుకుపోయారు.

నాకు అర్థం కావడం లేదు చెల్లె. రాసినందుకు పట్టుకుపోతే, రాశాడు కాబట్టి అనుకుందును. వీడు ఏమీ రాయలేదు, ఏమీ అచ్చు వేయలేదు. తెల్ల కాగితానికి కూడా జైలు ఉంటుందా?

కోడలు రాజమణికి ఆరో నెల. ఏడవడం లేదు, తినడమూ లేదు. నాకు నాలుగు అక్షరాలు నేర్పింది వాడే. "అవ్వా, మాట్లాడినట్టు రాయకు, అచ్చుల ఉన్నట్టు రాయాలె" అనేవాడు. అందుకే ఇట్లా రాస్తున్నాను, నవ్వకు.

నీ అక్క,
కాంతవ్వ

◆

సోలాపూర్,
మార్చి 13

అక్కకు దండాలు.

నీ ఉత్తరంలో సగం నల్లగా వచ్చింది. పర్శరాములును పట్టుకుపోయారన్నది కనబడింది. ఎందుకు పట్టుకుపోయారో ఆ వరుసల మీదనే సిరా పోశారు. వాడు ఏం చేశాడక్కా? ఎవరినైనా కొట్టాడా? పోయినసారి వచ్చినప్పుడు గోడ మీది బల్లిని కూడా కొట్టనివ్వలేదు నన్ను. "చిన్నవ్వా, పోనియ్యి, దానికి పిల్లలుంటయి" అన్నాడు. వాడి మీద దొంగతనం ఏమన్నా వేశారా? నువ్వు దాచకుండా రాయి.

ఇక్కడ మిల్లు దగ్గరి చాయ్ దుకాణంలో నీ మరిది రోజూ పత్రిక చదివి అందరికీ వినిపిస్తాడు. ఇది ఇంగ్లీషు వాళ్ళ రాజ్యం కదా, మీ నిజాం రాజ్యం వార్తలు మీకంటే ముందు మాకే తెలుస్తాయి. "మీ అక్క దిక్కు పేపర్ల సబ్బులు, పెండ్లిళ్ళు తప్ప ఏముంటయే" అంటాడు. నిన్నటి దాంట్లో ఏముందో రాస్తున్నాను.

(ఇక్కడ రెండు వరుసల మీద నల్ల సిరా.)

అదీ సంగతి. అది చదివి జర జాగ్రత్తగా ఉండండి. రాజమణికి పుల్లనివి పెట్టు.

నీ చెల్లె,
భూలక్ష్మి

◆

అమీర్‌పేట,
మార్చి 27

చెల్లె భూలక్ష్మికి, అక్క దీవెనలు.

అదీ సంగతి అన్నావు, ఏ సంగతో మాకు తెలియలేదు. ఆ రెండు నల్ల వరుసలను నేనూ రాజమణీ ఎండకు పట్టి చూశాం. నీళ్ళు చల్లి చూశాం. చాంద్ బీ తన కండ్లద్దాలు తెచ్చి తిప్పి తిప్పి చూసి, "నాకు తెలుగు రాదు గని నలుపు మాత్రం మస్తు మంచిగున్నది" అని పోయింది. రాజమణి అందులో మంచి కబురే ఉందంటుంది. చెడ్డదైతే కొట్టేయడం ఎందుకు, మనల్ని భయపెట్టడానికి వదిలేద్దురు కదా అంటుంది. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఒక్కో పూట తిరగబడి వేరేగా అనిపిస్తుంది.

వాడు దొంగతనం చేయలేదు. ఎందుకు పట్టుకుపోయారో మళ్ళీ రాస్తే మళ్ళీ సిరా పోస్తారు. చేసిన పనికి కాదు, చేయని పనికి అనుకో.

ఉగాది నాడు జైలుకు పోయాను. ఇక్కడి నుంచి పంజాగుట్ట రాళ్ళు దిగి, ఖైరతాబాద్ మీదుగా నడుచుకుంటూ, జొన్నరొట్టెలు మూట కట్టుకొని పోయాను. దర్వాజ దగ్గరి జవాను మూట తీసుకున్నాడు, వాణ్ణి చూపించలేదు. "బాగున్నడు, పో" అన్నాడు. నాలుగు రోజులు ఆగి మళ్ళీ పోతే, "వేరే జైలుకు మార్చిండ్రు" అన్నాడు. ఎక్కడికి అంటే తెలియదట. మూట తిప్పి తెస్తుంటే, "ఇచ్చిపో అవ్వా, పంపిస్తం" అన్నాడు. ఇచ్చి వచ్చాను. ఎక్కడున్నాడో తెలియకుండా ఎట్లా పంపిస్తారని దారిలో అనిపించింది. అప్పటికే ఖైరతాబాద్ దాటాను.

రాజనర్సయ్య గారి పత్రికలో ఇప్పుడు తెల్ల జాగా ఉండదు. రైళ్ళ వేళలూ, తలనూనెలూ నిండుగా ఉంటాయి. చూస్తే లోకమంతా క్షేమంగా ఉన్నట్టుంది.

నువ్వు కూడా మంచి మాటలే రాయి చెల్లె, అప్పుడు సిరా పడదు.

కాంతవ్వ

◆

సోలాపూర్,
ఏప్రిల్ 14

అక్కా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ మరిది మొన్న పత్రిక చదివాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. అప్పటి నుంచి మిల్లుకు పోలేదు. మాటల్లో రాస్తే సిరా పడుతుంది. అందుకని మన ఇండ్లల్లో ఎట్లా తెలియజేస్తామో అట్లనే చేసి పంపుతున్నాను. చూడగానే నీకు తెలుస్తుంది.

ఈ ఉత్తరాన్ని ఇంట్లో ఉంచకు అక్కా.

రాజమణిని నీ కడుపులో పెట్టుకో. నేను రావాలని బయలుదేరితే, నిజాం రాజ్యం హద్దు దగ్గర అందరినీ దింపి వెనక్కి పంపుతున్నారని నీ మరిది పోనివ్వలేదు. నీ పక్కన కూర్చోవలసిన రోజు నేను ఇక్కడున్నాను.

నీ చెల్లె

◆

అమీర్‌పేట,
ఏప్రిల్ 29

నా బంగారు చెల్లెకు,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి! ఎంత తెలివి నీకు. మాటలు రాయకుండా మంచి కబురు చెప్పావు.

ముందు నాకు తెలియలేదు. మన ఇండ్లల్లో చేసినట్టు చేశానన్నావు కదా, ఏం చేసిందబ్బా అని కాగితాన్ని అటూ ఇటూ తిప్పాను. మూల లేదు, అది ఎట్లాగూ వాళ్ళ కత్తెర పని. లోపల మడత విప్పితే కనబడింది. పసుపు! వేలెడంత పసుపు మరక. శుభలేఖకు పెట్టినట్టు పెట్టావు. రాజమణిని పిలిచి చూపిస్తే అది కాగితాన్ని వాసన చూసింది. చాలా రోజుల తర్వాత నవ్వింది, దాని పండ్లు కనబడ్డాయి. "ఆయన ఇడుదలయితున్నడు అత్తమ్మా. సోలాపూర్ పేపర్ల పడ్డది గావచ్చు" అంది. సిరా పోసేవాళ్ళకు ఆ మరక వంటింటి మురికి అనిపించి ఉంటుంది.

మరిది మిల్లుకు పోవడం లేదన్నావు, సమ్మె చేస్తున్నారా? ఆయన కూడా ఏ పత్రికలోనైనా పడి మన పిల్లవాడి లాగా కష్టాలు తెచ్చుకోకుండా చూడు. ఉత్తరం ఇంట్లో ఉంచవద్దన్నావు, ఇల్లు వెతికి తలాషీ చేస్తారనే కదా. బియ్యం కుండలో అడుగున దాచాను. అక్కడ ఎవరు చూస్తారు?

నా పక్కన లేవని బాధపడ్డావు. అవును, ఉంటే బాగుండేది. రాజమణికి ఏడో నెల కదా, ఆపేద్దామనుకున్న వేడుక నీ పసుపు చూసి చేశాను. ఆకుపచ్చ గాజులు తొడిగించి ఒడి నింపాం. గాజులామె, "చేతులు సన్నబడ్డయి బిడ్డా, మొగడొచ్చేవరకు నింపుకోవాలె" అంటే చాంద్ బీ, "వచ్చినంక ఆయననే నింపుతడు తియ్యి" అంది. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. నా పెనిమిటి పోయినప్పటి నుంచి నేను గాజుల మలారం దగ్గర కూర్చోలేదు. ఆ రోజు దూరంగానే కూర్చున్నాను గానీ మనసు మాత్రం దగ్గరికి జరిగింది.

రాజమణికి కొత్త రవికె కూడా కుట్టాను. రాజనర్సయ్య గారు ఈ మధ్య పత్రికను ఊరికే పంపిస్తున్నారు. ఈసారి రెండో పేజీలో సగం దాకా సబ్బు బొమ్మే. మంచి వెడల్పు కాగితం కదా అని అదే రవికె కొలతకు కత్తిరించుకున్నాను.

జైలుకు రొట్టెలు ఇచ్చివస్తూనే ఉన్నాను. వాడు వచ్చిన రోజే నీకు రాస్తాను. నాలుగు మూలలకూ పసుపు పెట్టి రాస్తాను.

కాంతవ్వ

◆

సోలాపూర్,
మే 10

అక్కా,

నీ ఉత్తరం చదివాను. అక్కకు మతి చలించిందని నీ మరిదితో అంటే ఆయన దాన్ని మళ్ళీ చదివి, "లేదే. మీ అక్కకు అంత ఎరుకనే. కడుపుతోని ఉన్న పిల్ల ముందట గుట్టు దాస్తున్నది. మనం సుత అట్లనే ఉండాలె" అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది.

నువ్వు చేసిందే మంచిది. పిల్ల తల్లయ్యేదాకా అట్లనే ఉండనివ్వు. కానీ ఆ గాజుల చప్పుడు వింటూ నీ గుండె ఎట్లా ఆగిందక్కా? ఆ నవ్వులో ఎట్లా కూర్చున్నావు? నా వల్ల కాదు.

పసుపు అని రాసి నువ్వు సిరావాళ్ళను బాగానే ఏమార్చావు. నిజంగానే మరక పడిందా? ఆ రోజు నీ మరిది పత్రిక చదువుతుంటే లేవబోయి గడప మీద పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయి పసుపు కట్టు కట్టారు. ఆ చేత్తోనే రాశాను, అంటి ఉంటుంది. ఇప్పుడు మానింది.

రొట్టెలు ఇంకా ఎందుకు తీసుకుపోతున్నావు? కోడలి కోసమే కదా?

నీ చెల్లె,
భూలక్ష్మి

◆

అమీర్‌పేట,
మే 19

చెల్లె,

నేను దేన్ని దాస్తున్నాను? నా గుండె ఎందుకు ఆగాలి? పసుపు నువ్వు పెట్టలేదా? మరి ఏం చేసి పంపానన్నావు? మరిది ఏం చదివాడు?

రాజమణికి నీ ఉత్తరం చూపించలేదు. బాబూ మియా ఏం రాసింది అంటే, ఎండలు ఎక్కువని రాసింది అన్నాను.

మాటల్లో రాయి. సిరా పడితే పడనీ. తొందరగా రాయి.

కాంతవ్వ

◆

సోలాపూర్,
మే 28

అక్కా, నన్ను క్షమించు.

(ఇక్కడి నుంచి రెండు పేజీలూ నల్ల సిరా.)

నీ చెల్లె,
భూలక్ష్మి

◆

అమీర్‌పేట,
జూలై 6

చెల్లె భూలక్ష్మికి,

చాంద్ బీ తమ్ముడు గౌస్ మొహియుద్దీన్ తోళ్ళ బేరానికి సోలాపూర్ వస్తున్నాడు. ఈ ఉత్తరాన్ని రుమాలులో చుట్టి అతని చేతికిచ్చాను. దీనికి కచేరీ లేదు, సిరా లేదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నీ నల్ల ఉత్తరం వచ్చిన రోజు రెండు పేజీలూ వెనకా ముందూ చూశాను. ఒక్క అక్షరం దొరకలేదు. అప్పుడు బియ్యం కుండ వంచి పాత ఉత్తరం తీశాను. నీవన్నీ తెచ్చి, గుడ్డ కత్తిరించే బల్ల మీద ఎండలో పరిచాను. అన్నిటికీ పై మూల లేదు. కత్తెర పడ్డ అంచు నున్నగా ఉంటుంది, చేత్తో చింపిన అంచుకు పీచు లేస్తుంది. ఆ ఒక్కదానికే, కత్తెర తిన్నంత తినగా, కింద వేలెడంత పీచు మిగిలింది. నువ్వు చింపావు. దాని మీదనే వాళ్ళు కత్తిరించారు. నేను పుట్టినప్పటి నుంచి గుడ్డల మధ్యనే ఉన్నాను, ఈ అంచును చూడలేదు. పసుపును చూశాను.

పట్నం పోయి రాజనర్సయ్య గారి ముందు నిలబడ్డాను. ఆయన నన్ను చూసి చేతిలోని కాగితాలు పక్కకు పెట్టాడు.

"అక్కా, మీ చెల్లె రాసి ఉంటదనుకున్న. కోడలికి గాజులు తొడిగించినవని ఇని, పిల్ల కోసం దాస్తున్నవనుకున్న. నేనెట్ల నోరిప్పుదు?"

"ఏమైంది నా కొడుకుకు?"

"జైలోళ్ళు జ్వరమన్నరు. ఇడుదలయి వచ్చినోళ్ళు దెబ్బలన్నరు. ఆళ్ళే సోలాపూర్ పోయి పేపరోళ్ళకు చెప్పిండ్రు. నేను సగం పేజీ కూర్చి కచేరీకి పట్కపోతే కొట్టేసిండ్రు. తెల్లగ ఇడిస్తె నిన్ను సుత పంపుతమన్నరు." తల వంచుకొని అన్నాడు, "ఆ జాగల సబ్బు బొమ్మ పెట్టిన."

నా కొడుకు ఆ సబ్బు కిందనే ఉన్నాడు చెల్లె. ఆ కాగితాన్నే కత్తిరించి నేను రాజమణికి రవికె కుట్టాను.

జవాను తీసుకున్న రొట్టెలు ఎవరు తిన్నారో అని చాలా రోజులు కోపం వచ్చింది. ఇప్పుడు పోయింది. లోపల ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరైనా తిని ఉంటారు.

మూసీ ఒడ్డుకు పోయి పిండం పెట్టించాను. ఏ రోజు పోయాడని అయ్యగారు అడిగాడు. తెలియదన్నాను. ఎట్లా పోయాడన్నాడు. తెలియదన్నాను. చూశావా అన్నాడు. లేదన్నాను. "ఏమెరుక మరి నీకు?" అన్నాడు. ఒక కాగితం మూల ఎరుక అంటే అర్థం చేసుకుంటాడా? చూడకుండా, వినకుండా, చదవకుండా కన్నకొడుకుకు పిండం పెట్టాను. పెడుతున్నంతసేపూ తప్పు చేస్తున్నానేమో, వాడు ఇంటికి వచ్చి తలుపు తడుతున్నాడేమో అని చెయ్యి వెనక్కి లాగింది. ఇప్పటికీ కొన్ని పూటలు అట్లనే ఉంటుంది.

రాజమణికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుంది, వాడి గడ్డమే. పురుడు వెళ్ళేదాకా నోరు కట్టుకొని, తర్వాత చెప్పాను. అది పిల్లకు పాలిస్తూ విన్నది. పిల్లను పక్కన పడుకోబెట్టి అడిగింది.

"ఏ పేపర్ల పడ్డది?"

"సోలాపూర్ పేపర్ల."

"ఆడ పడితె నాకేంది? ఆయన పని జేసిన పేపర్ల పడనీ. గప్పుడు గాజులు తీస్త."

"అండ్ల పడనియ్యరే బిడ్డా."

"అయితే నేను తియ్య."

నా గాజులు పగలగొట్టిన నాడు నన్ను ఎవరూ అడగలేదు, తియ్యనని అనడం నాకూ తెలియలేదు. దాన్ని చూసి వాడకట్టు వాళ్ళు రకరకాలుగా అంటున్నారు. చాంద్ బీ వాకిట్లో నిలబడి వాళ్ళతో కొట్లాడుతున్నది. ఒక్క కప్పు కింద నాకు కొడుకు లేడు, దానికి పెనిమిటి ఉన్నాడు. ఎవరిది నిజమో నన్ను అడగకు. పొద్దున నాది నిజమనిపిస్తుంది. అది పిల్లను ఆడిస్తుంటే గాజులు గలగలమన్నప్పుడు దానిది.

మరిది చదివిన పత్రికను పంపకు. నీ దగ్గరే పెట్టెలో దాచు. ఈ పిల్ల పెద్దదై అక్షరాలు నేర్చినాక వచ్చి చదువుకుంటుంది.

ఈ కాగితానికి మూడు మూలలకు పసుపు పెట్టాను, మనుమరాలు పుట్టినందుకు. నాలుగో మూలను నేనే చింపాను. దీనికి కత్తెర పడలేదు, మళ్ళీ చూసుకో, పీచు ఉంటుంది. చావు ఉత్తరం ఇంట్లోకి పోవద్దు, పసుపు ఉత్తరం బయట ఉండవద్దు. దీన్ని లోపలికి తీసుకుపొమ్మనాలో బయటనే పారేయమనాలో నాకు తెలియడం లేదు. గడప మీద కూర్చోవద్దని అమ్మ మనల్ని కొట్టేది. ఈ ఒక్కసారికి అక్కడే కూర్చొని చదువు.

నీ అక్క,
కాంతవ్వ